ఐదో తరగతికి సప్పుడు, చెవి: ఎక్కడ మొదలువెట్టాలె, ఏమేం చేయించాలె?

బడిగంట_నర్సంపేట
ఐదో తరగతి, 34 మంది పిల్లలు, నాలుగు పీరియడ్లు. సప్పుడు ఎట్ల పుడుతది, మన దాకా ఎట్ల వస్తది, చెవి ఎట్ల వింటది: ఈ మూడూ అందులోనే రావాలె. ల్యాబు లేదు. చెవి బొమ్మ చార్టు ఒకటి ఉన్నది. చార్టుతో మొదలువెడితే పిల్లలు కర్ణభేరి, కోక్లియా అని పేర్లు అప్పజెప్తరు, అది ఏం పని చేస్తదో చెప్పలేరు. దేని తర్వాత ఏది చెప్పాలె? ఇంట్ల, దుకాణంల దొరికే సామానుతో ఏం చేయొచ్చు? ముఖ్యంగా ఏది ఎక్కడ ఫెయిలయితదో ముందే చెప్పండి.

భౌతికం_హన్మకొండ
చార్టును నాలుగో పీరియడ్ దాకా బీరువాలోనే ఉంచండి సార్. మొదటి పీరియడంతా చేతివేళ్లతో నడవాలి. చప్పుడు చేసే ప్రతిదీ వణుకుతుందని పిల్లవాడి వేలికి తెలియకపోతే చెవి బొమ్మలో ఏదీ వాడికి అర్థం కాదు.

గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని నోరు మూసి "మ్మ్మ్" అనమనండి. వణుకు తెలుస్తుంది. ఇక్కడ ఒక పేచీ వస్తుంది: ఎవరో ఒకరు "స్స్స్" అని చూసి, గొంతు వణకట్లేదు, అయినా చప్పుడు వస్తోంది అంటారు. ఆ మాట నిజమే, కొట్టిపారేయకండి. "స్స్స్" పుట్టేది గొంతులో కాదు, పళ్ల సందుల్లోంచి దూసుకొచ్చే గాలి సుడులు తిరిగేచోట. వణికేది అక్కడి గాలే. "జ్జ్జ్" అనిపిస్తే రెండూ కలిసి దొరుకుతాయి, గొంతులో వణుకు, పళ్ల దగ్గర గాలి.

తర్వాత 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు. బల్ల అంచు మీద ఒక చేత్తో గట్టిగా అదిమి, బయటి కొస మీటాలి. 25 సెం.మీ. బయటికి ఉంచితే, స్కేలు మందం సుమారు ఒక మిల్లీమీటరైతే, సెకనుకు పది పన్నెండుసార్లు ఊగుతుంది. ఊగడం కంటికి కనిపిస్తుంది కానీ దాని స్వరం చెవికి రాదు, ఎందుకంటే మన చెవి సెకనుకు 20 కంపనాల కింద స్వరం పట్టదు. పొడవు సగం చేసి పన్నెండున్నర దగ్గర మీటితే కంపనాలు రెట్టింపు కావు, నాలుగింతలవుతాయి. అప్పుడు బొంగురు మోత వస్తుంది. 6 సెం.మీ. దగ్గర మీటితే కంటికి మసకగా, చెవికి సన్నగా ఉంటుంది. కంటికి కనిపించినప్పుడు వినబడదు, వినబడినప్పుడు సరిగ్గా కనిపించదు. ఈ ఒక్క సంగతికి పది నిమిషాలిచ్చినా దండగ కాదు.

ఫెయిలయ్యేది ఇక్కడే: స్కేలు బల్లకు తగిలి "టపటప" కొట్టుకుంటుంది, పిల్లలు ఆ టపటపనే విని స్కేలు స్వరం అనుకుంటారు. అంచుకు సరిగ్గా ఆనేచోట ఒక చెక్క డస్టరు పెట్టి దాని మీద అరచేత్తో నొక్కితే ఆ గోల పోతుంది. ప్లాస్టిక్ స్కేలు వద్దు, ఊపు రెండు క్షణాల్లోనే చచ్చిపోతుంది.

డోలుదెబ్బ
భౌతికం సారు చెప్పింది సరే. స్కేలు తర్వాత డప్పు తేవాలె. మన దిక్కు డప్పు లేని ఊరు లేదు. అడిగితే వాయించే అన్నే వచ్చి పిల్లల ముంగట కూసుంటడు. పుస్తకంల ఉన్న మాట ఆయన చేతిల ఉంటది, పిల్లలు అది చూడాలె.

తోలు మీద చిటికెడు బొంబాయి రవ్వ చల్లి మెల్లగ దెబ్బేయాలె, రవ్వ లేస్తది. ఇంకో దెబ్బేసి ఎంటనే అరచేయి ఆనియ్యాలె. సప్పుడు ఆగింది, వణుకూ ఆగింది. రెండూ ఒక్కసారే ఆగినయని పిల్లలతోనే అనిపియ్యాలె.

ఇప్పుడు అసలు సంగతి. సిర్రతోటి (డప్పు పుల్లతోటి) మెల్లగ కొట్టు, గట్టిగ కొట్టు. సప్పుడు పెద్దగైతది గని స్వరం దాదాపు గదే. తర్వాత డప్పును మంటకు కాపు. తోల్ల ఉన్న తడి ఆరి బిగుసుకుంటది, అదే దెబ్బకు స్వరం లేస్తది, కంగుమంటది. తడిబట్టతోటి తుడువు, తోలు వదులై బొయ్యిమంటది. గట్టిగ కొట్టుడు వేరు, బిగువు పెంచుడు వేరని డప్పు ఒక్కటే రెండింటినీ విడదీసి చూపిస్తది. మంట మాత్రం బడి వరండాల కాదు, వాయించే ఆయన బయట కాపుకొచ్చుకుంటడు. వానకాలం ఈ తేడా ఇంకా మంచిగ తెలుస్తది.

జమిడిక దొరికితే అదీ తేండి. తోలు నడుమల నుంచి నరం తీగ ఉంటది. దాన్ని లాగి పట్టి మీటుతరు, లాగిన కొద్దీ స్వరం లేస్తది. అది వాయించే బైండ్లోళ్ల చేతిల చూడాలె. దొరకకుంటే కాగితం గిలాస అడుగున చిల్లు పెట్టి నూలుదారం దూర్చి, లోపలి కొసకు అగ్గిపుల్ల ముక్క కట్టాలె. తడిబట్ట ముక్కతోటి దారాన్ని పట్టి జారిస్తె కోడి అరిచినట్టు అరుస్తది. నైలాను దారం జారిపోతది, అరవది, నూలుదే కావాలె.

తెలుగుబల్ల_జనగామ
డోలుదెబ్బ అన్న చెప్పిన దగ్గరే మాటల చిక్కు కూడా తీర్చాలి. "గొంతు పెంచు" అంటే మనకు గట్టిగా అనే అర్థం. "పెద్ద సప్పుడు", "ఎక్కువ సప్పుడు" అంటే పిల్లవాడు తీవ్రత అనుకోవచ్చు, స్వరం అనుకోవచ్చు. పుస్తకంలో కీచుదనం అని ఉంటుంది, వాళ్లకది ఎలుక అరుపే. మొదటి రోజే నాలుగు మాటలు బోర్డు మీద రాసి నాలుగు రోజులూ చెరపకండి. మెల్లగ–గట్టిగ ఒక జంట, బొంగురు–సన్నం ఇంకో జంట. దోమ మెల్లగ, సన్నం. బర్రె గట్టిగ, బొంగురు. రైలుకూత గట్టిగ, సన్నం. మెల్లగ ఉండి బొంగురుగా ఉండేదేంది అని అడగండి. దూరంగా పోతున్న ట్రాక్టరు అనో, పక్కింటి మిక్సీ అనో ఏదో ఒకటి తెస్తారు, ఏది తెచ్చినా వాదన మంచిదే.

బడిగంట_నర్సంపేట
గిన్నె మీద బెలూన్ కట్టి రవ్వ ఎగిరించే ప్రయోగం వీడియోల్లో బాగుంటది, చేతిల మాత్రం సగంసార్లు రవ్వ కదలదు. ఏం తప్పు?

భౌతికం_హన్మకొండ
నాలుగైదు తప్పులు కలిసి వస్తాయి. బెలూన్ మెడ కత్తిరించి, 15 నుంచి 20 సెం.మీ. నోరున్న స్టీలు గిన్నెకు బిగించి రబ్బరుబ్యాండు రెండు చుట్లు వేయాలి. ముడత ఒక్కటున్నా పని చేయదు. రవ్వ అరచెంచా చాలు, ఎక్కువైతే దాని బరువుకే కదలదు. రవ్వ ఎండబెట్టినదై ఉండాలి. బెలూన్‌ను చేత్తో రుద్దితే స్థిరవిద్యుత్తు పుట్టి గింజలు అతుక్కుంటాయి, అప్పుడు తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ఆవాలు వద్దు, గిన్నె సమంగా లేకపోతే ఒక పక్కకు దొర్లుతాయి.

వీటన్నింటికన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. పిల్లలు గిన్నె మీద నోరు పెట్టి అరుస్తారు, ఊపిరికి రవ్వ లేస్తుంది, ధ్వనికే లేచిందనుకుంటారు. అది తప్పుడు రుజువు. స్టీలు పళ్లేన్ని చేతిలో గాల్లో పట్టుకుని, గిన్నెకు జానెడు దూరంలో గరిటెతో కొట్టాలి. పళ్లెం అదే బల్లకు ఆని ఉంటే వణుకు బల్లలోంచి పోతుంది, గాలి మోసుకొచ్చిందని చెప్పలేం. గొంతుతోనే చేయాలంటే గిన్నె పక్క నుంచి, మధ్యలో అట్ట అడ్డం పెట్టి "ఊఊ" అని బొంగురు నుంచి సన్నానికి మెల్లగా జారాలి. ఏదో ఒక స్వరం దగ్గర రవ్వ ఒక్కసారిగా గంతులేస్తుంది. అది ఆ గిన్నె, ఆ బిగువు కలిసి కోరుకునే స్వరం. గట్టిగా అరవడంతో పని లేదు.

ఈ గిన్నెను దాచిపెట్టండి, నాలుగో రోజు మళ్లీ కావాలి.

గణితం_హుజూరాబాద్
ధ్వని ప్రయాణం చూపడానికి తాడు పట్టుకుని అల వేయిస్తే సులువు కదా? అందరూ అదే చేస్తారు.

భౌతికం_హన్మకొండ
ప్రైమరీలో తాడు వద్దనే అంటాను. తాడులో అల పైకీ కిందికీ ఊగుతూ ముందుకు పోతుంది. గాలిలో ధ్వని ముందుకూ వెనక్కూ తోసుకుంటూ పోతుంది. ఐదో తరగతిలో తాడు చూసినవాడు తొమ్మిదో తరగతికి వచ్చినా గాలి పాములా మెలికలు తిరుగుతుందనే అనుకుంటాడు, ఆ బొమ్మ తుడవడం చాలా కష్టం.

పదిమందిని వరుసగా నిలబెట్టి ముందువాడి భుజాల మీద చేతులు పెట్టించండి. చివరివాడు మెల్లగా ఒక్కసారి తోస్తాడు. తోపు మొదటివాడిని చేరుతుంది, ఎవరి జాగాలో వాళ్లే ఉంటారు. "తోపు పోయింది, మనిషి పోలేదు" అనే మాట వాళ్ల నోట రావాలి. వెంటనే పల్చని పాలిథిన్ కవరును ముఖానికి జానెడు దూరంలో అడ్డం పట్టి మాట్లాడించండి. ఊపిరి అవతలికి పోలేదు, మాట పోయింది.

దారం టెలిఫోన్ అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మాటలు చాలు. దారం ఎక్కడా స్తంభానికీ వేలికీ తగలకూడదు, వదులు కాకూడదు. పూలు కట్టే దారం 8, 10 మీటర్ల దాకా బాగా మోస్తుంది. ఉన్నిదారం మింగేస్తుంది.

కోల్‌బెల్ట్_భూపాలపల్లి
మా దిక్కు పిల్లలకు ఒక పాఠం ఇంటి దగ్గరే ఉన్నది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల బ్లాస్టింగ్ అయినప్పుడు ముందు కాళ్ల కింద నేల అదిరి కిటికీ గలగలమంటది, తర్వాత "ధమ్" అని వినబడుతది. నేలలో వణుకు గాలిలోకన్నా శానా ఎక్కువ వేగంతో పోతది. గాలిలో సెకనుకు సుమారు 346 మీటర్లు, 25 డిగ్రీల వేడి దగ్గర. అంటే కిలోమీటరుకు మూడు సెకన్ల లోపు. నీళ్లల్ల సెకనుకు సుమారు 1,500 మీటర్లు, ఉక్కుల 5,000 దాటుతది. రామగుండం, మందమర్రి బడులల్ల కూడా "నేల ముందా, ధమ్ ముందా?" అని అడిగి, మరునాడు పిల్లలతో చెప్పించొచ్చు. మెరుపు–ఉరుముల మధ్య లెక్కపెట్టుడు కూడా ఇదే లెక్క, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. అది ఇంట్ల కూసుండి మాత్రమే.

రైలు పట్టాకు చెవి ఆనించే ముచ్చట పాఠాలల్ల వస్తది. కాజీపేట చుట్టుపక్కల బడులల్ల ఆ మాటే ఎత్తొద్దు, పిల్లలు చేసి చూస్తరు. వరండా గ్రిల్లు చాలు. ఒక కొసన చెవి ఆనించి, ఇంకో కొసన మేకుతో గీరాలె. గీరుడే, కొట్టుడు కాదు. కొడితే చెవి నొస్తది, పైగా గాలిల కూడా వినబడుతది గనుక తేడా తెల్వది. గీరిన సప్పుడు గాలిల వినబడక ఇనుములో వినబడాలె, అదే రుజువు.

ప్రతిధ్వనికి పెద్ద బోసిగోడ కావాలె, ముందల చెట్లుండొద్దు. 17 మీటర్ల కన్నా దగ్గర నిలబడితే చప్పట్లు, ప్రతిధ్వని కలిసిపోతయి. 50 మీటర్ల దూరం టేపుతో కొలిచి, ప్రతిధ్వని వచ్చిన క్షణానికే మళ్లీ చప్పట్లు పడేటట్టు తాళం కుదుర్చుకోవాలె. అట్లా పది విరామాలకు సుమారు 2.9 సెకన్లు పడుతది. ఐదో తరగతికి ఈ భాగాహారం వస్తది. తాళం కుదురుడే కష్టం, పాట పాడే పిల్లకు అప్పజెప్పాలె.

చెవిమాట_వరంగల్
వినికిడి పరీక్షల పనిలో ఉన్నవాళ్ల వైపు నుంచి నాలుగో పీరియడ్ గురించి.

ఆ రవ్వ గిన్నెనే మళ్లీ తీసుకోండి. మొదట అది డప్పు, ఇప్పుడు అదే చెవి. కర్ణభేరి అన్న మాటలోనే భేరి ఉంది. ఆ మాటను బోర్డు మీద రెండు ముక్కలుగా విరిచి రాయండి. డప్పులో మనం తోలును కొడితే గాలి కదులుతుంది. చెవిలో గాలి కొడితే తోలు కదులుతుంది. ఇది తెలిశాక చార్టు విప్పండి.

నమూనా కావాలంటే ఇలా చేయొచ్చు. లీటరు నీళ్ల సీసా రెండు కొసలూ కోసి గొట్టంలా చేయండి, కోసిన అంచుకు టేపు వేయండి. ఒక కొసన బెలూన్ పొర బిగించాలి. ఇంకో కొసన చార్టు కాగితపు గరాటు, అది చెవిదొప్ప. పొర నడుమ ఐస్‌క్రీమ్ పుల్లను జిగురుతో నిలువుగా అతికించండి. దాని రెండో కొసకు రూపాయి బిళ్లంత అట్టముక్క అతికి, వెడల్పు గిన్నెలోని నీళ్ల పైపొరకు ఆనీ ఆననట్టు నిలపాలి. గరాటు దగ్గర పళ్లెం కొడితే నీళ్ల మీద సన్నని అలలు లేస్తాయి. కిటికీ వెలుతురు నీళ్ల మీద పడి గోడ మీద కదిలేలా గిన్నె ఉంచితే వెనక బెంచీకీ కనిపిస్తుంది. అట్ట నీళ్లలో మునిగితే బరువెక్కి పని చేయదు. జిగురు పూర్తిగా ఆరకపోయినా అంతే, ముందురోజే అతికించి పెట్టుకోండి.

ఆ పుల్ల స్థానంలో మన చెవిలో మూడు ఎముకలున్నాయి: సుత్తి, దాగలి, రికాబు. రికాబు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక. ఇవి ఎందుకున్నాయో చార్టు చెప్పదు. లోపలి చెవిలో ఉన్నది ద్రవం. గాలిలోని ధ్వని నేరుగా ద్రవానికి తగిలితే దాదాపు అంతా వెనక్కి తిరుగుతుంది. నీళ్లలో మునిగినవాడికి గట్టు మీది మాటలు వినబడనట్టు. అందుకని కర్ణభేరి అంత వెడల్పు మీద పడిన తోపును, దానిలో సుమారు 17వ వంతు ఉన్న, లోపలి చెవికి గుమ్మంలాంటి చిన్న కిటికీ మీదికి ఎముకలు చేరవేస్తాయి. బోర్డుపిన్ను చాలు చూపడానికి. తల వెడల్పు మీద వేలు నొక్కితే మొన దగ్గర అదే బలం చీలుస్తుంది.

లోపలి చెవిలోని కోక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు. అందులో వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. మొదటి చుట్టు దగ్గర సన్నని స్వరాలు, చివరి చుట్టు దగ్గర బొంగురు స్వరాలు పడతాయి. వరిచేను ఉదాహరణ మన పిల్లలకు బాగా పడుతుంది. గాలికి చేను వంగి మళ్లీ లేస్తుంది. రాళ్లవాన పడితే పడిపోయిన చేను లేవదు. మనిషి చెవిలో ఈ కణాలు చనిపోతే మళ్లీ మొలవవు. డీజే పెట్టెల ముందు నిలబడటం ఎందుకు వద్దంటున్నామో అక్కడే చెప్పేయొచ్చు. 85 డెసిబెల్స్ (ధ్వని తీవ్రతకు కొలమానం) మోత రోజుకు 8 గంటలే హద్దు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర అది పావుగంటే. ఇంకో సంగతి, 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం బడి చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చు. ఆ సంగతి పిల్లలకు తెలియాలి.

ఫోన్ యాప్‌లో కనిపించే డెసిబెల్ అంకెను నిజమని రాయించకండి. ఫోన్ ఫోన్‌కూ తేడా ఉంటుంది. "ఇక్కడికన్నా అక్కడ ఎక్కువ" అని పోల్చడానికి మాత్రం పనికొస్తుంది, అదీ ఒకే ఫోన్‌తో.

భవిత_జమ్మికుంట
చెవిమాట గారి నమూనాకు ఒక అదనపు మెట్టు. ఆ రవ్వ గిన్నె బెలూన్ పొర మీద తడిగుడ్డ ముక్క పరిచి మళ్లీ పళ్లెం కొట్టించండి. పొర కదలదు. జలుబు చేసిన పిల్లవాడి చెవిలో పొర వెనక నీరు చేరితే జరిగేది ఇదే. చెవి నుంచి గొంతుకు సన్నని గొట్టం ఉంది. చిన్నపిల్లల్లో అది పొట్టిగా, పెద్దవాళ్లకన్నా అడ్డంగా ఉంటుంది, అందుకే వాళ్లకు జలుబు తొందరగా చెవికెక్కుతుంది. ఈ పాఠం చెప్పే నాలుగు రోజుల్లోనే మీ తరగతిలో సరిగా వినబడని పిల్లలెవరో బయటపడవచ్చు. దయచేసి కళ్లు తెరిచి చూడండి. పేరు పిలిస్తే ఒకే చెవి ఇటు తిప్పేవాళ్లు, మాట కన్నా మూతి వైపు చూసేవాళ్లు, డిక్టేషన్‌లో స, శ, చ తారుమారు చేసేవాళ్లు. అట్లాంటి పిల్లలను "పరధ్యానం" అనేస్తాం. పరధ్యానం కాకపోవచ్చు.

పిల్లవాడి వెనక చేతి దూరంలో, అంటే 60 సెం.మీ. దగ్గర నిలబడి, పరీక్షించని చెవి రంధ్రానికి ముందున్న చిన్న మెత్తని బొడిపెను మెల్లగా నొక్కి రుద్దుతూ, ఊపిరి బయటికి వదిలాక గుసగుసగా "4, క, 7" లాంటివి చెప్పి తిరిగి చెప్పమనండి. రెండు విడతల్లో ఆరింట మూడైనా చెప్పలేకపోతే పరీక్షకు పంపాలి. ఇది వైద్యం కాదు, జల్లెడ మాత్రమే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) బృందం బడికి వచ్చినప్పుడు ఆ పేరు ముందుపెట్టండి. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటే అక్కడా చెప్పండి. చీము కారుతుంటే ఈఎన్‌టీ డాక్టరుకే చూపాలి. చెవిలో నూనె, పసరు పోయడం, పిన్నీసుతో గుబిలి తీయడం వద్దని తల్లులకు కూడా చెప్పాలి. గుబిలి చెవిని కాపాడేదే.

వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్ల తరగతిలో ఉంటే పళ్లెం దెబ్బ ఆ పిల్ల దగ్గర కొట్టకండి. ఆమె చేతికి ఊదిన బెలూన్ ఇచ్చి వేళ్ల కొసలతో పట్టుకోమనండి, డప్పు మోత బెలూన్‌లో దిగుతుంది. ఆమెకు తెలిసినంత బాగా మిగతా వాళ్లకు కూడా తెలియకపోవచ్చు, ఆమెనే చెప్పమనండి.

గణితం_హుజూరాబాద్
గాజు గిలాసల్లో నీళ్లు పోసి సరిగమలు వాయించే దాంట్లో గందరగోళం ఉంది. కొన్నిచోట్ల నీళ్లెక్కువైతే సన్నం అంటారు, కొన్నిచోట్ల బొంగురు అంటారు.

భౌతికం_హన్మకొండ
రెండూ నిజమే. చెంచాతో కొడితే వణికేది గాజు, నీళ్లు. నీళ్లు పెరిగితే బరువు పెరిగి బొంగురు. సీసా మూతి మీద ఊదితే వణికేది లోపలి గాలి. నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గి సన్నం. ఒకే సీసాతో రెండూ చేయించి "ఇప్పుడు ఏది వణుకుతోంది?" అని అడగండి. మొదటి రోజు వేళ్లతో నేర్చుకున్నది ఇక్కడ పరీక్షకు వస్తుంది. స్టీలు గిలాసలు వద్దు, మోత తొందరగా ఆగిపోతుంది.

బడిగంట_నర్సంపేట
మంచిగుంది. రెండు చెవులు ఎందుకన్నది చూపించే దారి ఉన్నదా? కండ్లకు గంతలు కట్టి చప్పట్లు ఎటువైపో చెప్పే ఆట తప్ప.

డోలుదెబ్బ
మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ఉంటది గదా సార్, ఒక మీటరు ముక్క తెచ్చుకోండి. నడుమ స్కెచ్‌పెన్నుతో గీత గీసి, అటూ ఇటూ సెంటీమీటరుకొకటి గీయండి. పిల్ల కండ్లు మూసుకుని పైపు రెండు కొసలూ రెండు చెవులకు ఆనించుకోవాలె, లోపలికి దూర్చుకోవద్దు. వెనక నుంచి పెన్సిలుతో పైపు మీద తట్టండి. నడుమ తడితే ఎటో చెప్పలేదు. నాలుగైదు సెంటీమీటర్లు ఎడమకు జరిగితే "ఎడమ" అంటది.

భౌతికం_హన్మకొండ
5 సెం.మీ. జరిగితే రెండు చెవులకూ చేరే కాలంలో తేడా 0.3 మిల్లీసెకన్లు మాత్రమే. అంత చిన్న తేడా చెవి పడుతుంది. గంతల ఆటలో తలకు సూటిగా ముందు, సూటిగా వెనక కొట్టిన చప్పట్లను పిల్లలు తికమకపడతారు, ఎందుకంటే రెండు చెవులకూ ఒకేసారి చేరతాయి. తప్పు చెప్పారని నవ్వనివ్వకండి, ఆ తప్పే జవాబు.

తెలుగుబల్ల_జనగామ
రామప్పకు పిల్లలను తీసుకుపోయే ఆలోచన ఉంటే ఒక మాట. అక్కడ శిల్పాన్ని తడితే స్వరాలు పలుకుతాయని చెప్తుంటారు. 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి అది. వేలాది చేతులు తట్టితే రాయి అరుగుతుంది. పిల్లలతో తట్టించొద్దు. బడి దగ్గరే నాపరాయి పలకను రెండు తువ్వాల చుట్టల మీద ఆనించి చెక్కసుత్తితో తట్టండి. తర్వాత నేల మీద పెట్టి తట్టండి. నేల మీద "టక్", చుట్టల మీద "టంగ్". చుట్టలు పలక కొసల నుంచి నాలుగో వంతుకు కొంచెం లోపు ఉండాలి, నడుమ పెడితే మోగదు.

బడిగంట_నర్సంపేట
రాసుకున్న. మొదటి రోజు గొంతు, స్కేలు, డప్పు. రెండో రోజు రవ్వ గిన్నె, వరుస తోపు, గ్రిల్లు. మూడో రోజు సీసాలు, లెవెల్ పైపు, గోడ దగ్గర చప్పట్లు. నాలుగో రోజు అదే గిన్నె చెవిగా మారుతది, చివరి పది నిమిషాలకు చార్టు. గుసగుస పరీక్ష 34 మందికీ చేయాలంటే రోజుకు ఎనిమిది, తొమ్మిది మంది. ఎక్కడ చేయాలె? తరగతిల గోల ఎక్కువ.

భవిత_జమ్మికుంట
మధ్యాహ్న భోజనం గంటకు ముందు కాదు, ఉదయం ప్రార్థన అయిన వెంటనే పెట్టుకోండి. ఫ్యాను బంద్ చేయాలి. రేకుల గదైతే వాన పడే రోజు వద్దు. గది ఖాళీగా ఉండి మోగుతుంటే గోడ దండేనికి జంపఖానా ఒకటి వేలాడదీయండి. పిల్లవాడి ముఖం గోడ వైపుండాలి, మీ మూతి ఏ అద్దంలోనూ కిటికీ గాజులోనూ కనిపించకూడదు.